ట్రయల్ రౌండు

మా అపార్టుమెంటులో ఒక కుర్రాడు పాత చేతక్ స్కూటరు ఎక్కడో కొనుక్కొచ్చి బాగుచేయించుకున్నాడు. మొన్న ఆదివారం పొద్దున పాలపాకెట్లకని నేను సెల్లార్లోకి దిగేసరికి దాన్ని స్టార్ట్ చేద్దామని తెగ కిక్కులు కొడుతున్నాడు. చాలాసేపటికి అందుకుంది. అందుకోగానే పొగ సెల్లారంతా కమ్మేసింది, వాచ్‌మన్ దగ్గుకుంటూ బయటికి పోయాడు, నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. పెట్రోల్లో కలిసి కాలిన ఆయిలు వాసన. ఎన్నేళ్ళయిందో అది ముక్కుకి తగిలి. మా నాన్న చొక్కా వాసన అది. "ఆయిలు ఎక్కువ పోశావు బాబూ, లీటరుకి 20 మిల్లీ చాలు" అని చెప్పి పైకొచ్చేశాను. ఈ ఆంటీకి ఇవన్నీ ఎలా తెలుసన్నట్టు చూశాడు పాపం. అప్పట్నుంచీ నాన్న గురించి రాయాలని ఉంది. వరసగా చెప్పడం నాకు రాదు, గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

నాన్న తెనాలిలో స్కూటర్ మెకానిక్. బుల్లెట్ బాగుచేసినా, లూనా బాగుచేసినా ఊళ్ళో వాళ్ళకి స్కూటర్ మెకానిక్కే. షాపంటే ఒక రేకుల షెడ్డు, దాని ముందు వేపచెట్టు, చెట్టు కింద రెండు గోనెపట్టాలు. పనంతా చెట్టు కిందే, షెడ్డు సామాన్లకి. తెనాలి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఊరి మధ్యలోంచి మూడు కాలవలు పక్కపక్కనే పారుతుంటాయి, ఆ గట్టుకి కూతవేటు దూరంలో ఉండేది షాపు. బోర్డు లేదు. పెట్టించమని ఎవరన్నా అంటే "బోర్డు చూసి వచ్చేవాడు బేరమాడతాడు, పేరు విని వచ్చేవాడు ఆడడు" అనేవాడు. అది నిజం కాదు, పేరు విని వచ్చినవాళ్ళూ శుభ్రంగా బేరమాడేవాళ్ళు. బోర్డుకి డబ్బుల్లేక అలా అనేవాడని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది.

ఆయన పని నేర్చుకుంది బెజవాడలో. చదువు ఆరో క్లాసుతో ఆగిపోతే ఒక మెకానిక్ దగ్గర పెట్టారట. అక్కడే తినడం, రాత్రి షాపులోనే పడుకోవడం. మొదటి ఏడాదంతా కిరసనాయిల్లో సామాన్లు కడగడం, టీలు తేవడమే. లాంబ్రెట్టాలు, జావాలు విప్పడం ఆ గురువు దగ్గరే నేర్చుకున్నాడు. తెనాలి తిరిగొచ్చి సొంతంగా పెట్టుకునేటప్పుడు అమ్మ గాజులు తాకట్టులోకి వెళ్ళాయి. అవి విడిపించడానికి పట్టిన కాలంలో ఇద్దరు మేనత్తల పెళ్ళిళ్ళు కూడా ఆ షెడ్డు మీదే అయ్యాయి. అమ్మ ఆ విషయం ఎప్పుడూ ఫిర్యాదులా చెప్పదు గానీ చెప్పకుండానూ ఉండదు.

మొదట్లో ఎక్కువగా వచ్చిన బండి సువేగా అట. మోపెడ్డు. తిరుపతిలో తయారయ్యేది, ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. దాన్ని చూస్తే నాన్నకి ఒకటే వేళాకోళం, "వెంకన్న ఊరి బండి కదా, ఏడుకొండలు ఎక్కుతుందేమో గానీ మన కాలవ వంతెన మాత్రం ఎక్కదు" అని. నిజంగానే వంతెన దగ్గర పెడల్ తొక్కాల్సిందే. తర్వాత మన హైదరాబాద్ సరుకే, పుష్పక్ అని లాంబ్రెట్టా పోలికలున్న స్కూటరు కొన్నాళ్ళు తిరిగింది. ఆ తర్వాత ఇంకేముంది, అంతా చేతక్. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే గానీ బండి వచ్చేది కాదు. వచ్చిన బండిని మర్నాడే అమ్మేసుకున్నా కొన్నదానికంటే ఎక్కువ డబ్బులొచ్చేవి. మా తెలుగు మాస్టారికి బండి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. షోరూము నుంచి సరాసరి గుడికి, గుడి నుంచి సరాసరి మా షాపుకి. నాన్న చుట్టూ తిరిగి చూసి, చెవి దగ్గరపెట్టి విని, "బాగుందండీ" అన్నాక గానీ మాస్టారు ఇంటికి వెళ్ళలేదు.

చెవి గురించి చెప్పాలి. నాన్న పనిలో సగం చెవిదే. బండి పెట్టి వెళ్ళే ఆసామి రోగం ఏంటో చెప్పబోతే "మీరు చెప్పకండి, దాన్ని చెప్పనివ్వండి" అనేవాడు. పొడుగు స్క్రూడ్రైవర్ కొసని ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అలా విని బేరింగు పోయిందో, పిస్టన్ కొట్టుకుంటోందో చెప్పేవాడు. మాకు అన్నం తింటున్నప్పుడు కూడా బళ్ళ మాటే. రోడ్డు మీద ఏదో స్కూటరు పోతుంది, కంచంలోంచి తల ఎత్తకుండా "ఎల్‌ఐసీ ఆయన. పాయింట్లు అరిగినయ్. ఇయ్యాలో రేపో వస్తాడు" అంటాడు. వచ్చేవాడు. రాజ్‌దూత్‌కో చప్పుడు, రెండు సైలెన్సర్ల ఎజ్డీకో చప్పుడు, ఇప్పటికీ వెనక నుంచి వస్తే నేను పోల్చగలను. ఎక్కడన్నా వస్తే కదా.

అయితే మా ఇంట్లో బండి లేదు. ఇది చెబితే ఎవరూ నమ్మరు. ఊరి బళ్ళన్నీ ఆయన చేతిలో ఉండేవి, ఆయన మాత్రం షాపుకి సైకిలు మీద వెళ్ళి సైకిలు మీద వచ్చేవాడు. మాకున్నదల్లా ట్రయల్.

రిపేరయ్యాక ఒకసారి తిప్పి చూడాలి కదా, అది ట్రయల్. నేనూ తమ్ముడూ స్కూలు వదలగానే ఇంటికి కాకుండా షాపుకే పోయేవాళ్ళం. సాయంత్రానికి ఏదో ఒక బండి సిద్ధంగా ఉండేది. చేతక్ అయితే నేను ముందు నిలబడేదాన్ని, హ్యాండిల్ మధ్యలో పట్టుకుని, తమ్ముడు వెనక సీట్లో నాన్న చొక్కా పట్టుకుని. బుల్లెట్ అయితే తమ్ముడు ట్యాంకు మీద, నేను వెనక. రణరంగ చౌక్ దాకా వెళ్ళి, 1942లో కాల్పుల్లో పోయిన ఏడుగురి స్తూపాల దగ్గర తిరిగి, వంతెన ఎక్కి దిగి, వెనక్కి. రోజూ అదే దారి. వంతెన ఎక్కేటప్పుడే బండి సంగతి తెలుస్తుందనేవాడు. గేరు మార్చేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి మెలి తిరగడం, ఆ "టక్"మని పడడం, ముందు నిలబడితే మొహానికి కొట్టే గాలి, కాలవ నీళ్ళ వాసన. జూన్, జూలైల్లో కాలవలకి నీళ్ళు వదిలిన కొత్తల్లో అయితే వంతెన మీద జనం నిలబడి చూసేవాళ్ళు, మేం వాళ్ళ మధ్యలోంచి హారన్ కొట్టుకుంటూ పోయేవాళ్ళం.

"ఇంకో రౌండు నాన్నా" అంటే ఒకటే జవాబు, "పెట్రోలు మనది కాదమ్మా."

ఆ విషయంలో మాత్రం ఆయన మొండి. ట్రయల్ దారిలోనే మార్కెట్టుకి తిరిగే సందు. అమ్మ ఎన్నిసార్లు అడిగిందో, "వచ్చే దారేగా, ఒక తోటకూర కట్ట పట్టుకొస్తే ఏం పోయింది" అని. ఆపేవాడు కాదు. షాపు కట్టేశాక అదే మార్కెట్టుకి సైకిలేసుకుని మళ్ళీ వెళ్ళేవాడు. స్కూల్లో మా క్లాసు పిల్లలు మాత్రం మేము బాగా ఉన్నోళ్ళమని అనుకునేవాళ్ళు, రోజుకో బండి మీద కనపడతాం కదా. తమ్ముడు ఆ అభిప్రాయాన్ని చెదరనీకుండా చాలా కాలం కాపాడుకొచ్చాడు.

ఒక్కసారి ఆ కట్టుబాటు తప్పాడు. తమ్ముడికి అర్ధరాత్రి జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. రిక్షా దొరకలేదు. నాన్న పరిగెత్తుకెళ్ళి షెడ్డు తాళం తీసి, మాస్టారి చేతక్ తెచ్చి, అమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. వాడికేం కాలేదు, రెండ్రోజుల్లో లేచి తిరిగాడు. నాన్న మర్నాడు పొద్దున్నే మాస్టారింటికి వెళ్ళి జరిగింది చెప్పి, లీటరు పెట్రోలు పోయించానని కూడా చెప్పాడు. బండి వాడినందుకు మాస్టారు ఏమీ అనలేదు గానీ పెట్రోలు మాటకి మాత్రం ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ కొడుకు నా దగ్గర చదువుకునేవాడయ్యా, నన్నింత పరాయివాణ్ణి చేస్తావా" అని. చాలా రోజులు మాటల్లేవు ఇద్దరికీ. చివరికి క్లచ్ వైరు తెగి మాస్టారే బండి తోసుకుంటూ వచ్చారు.

షాపులో ఎప్పుడూ ముగ్గురు, నలుగురు కుర్రాళ్ళుండేవాళ్ళు. పన్నెండు, పదమూడేళ్ళ వాళ్ళు. జీతం అంటూ ఉండేది కాదు మొదట్లో, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో, శనివారం చేతి ఖర్చులకి ఎంతో కొంత. అమ్మ ఎసట్లో ఎప్పుడూ ఎక్కువ బియ్యమే పోసేది. వరస ఏంటంటే ముందు కడుగుడు, ఆ తర్వాత పంచర్లు, బ్రేకులు, వైర్లు, ఆ తర్వాత ప్లగ్గూ పాయింట్లూ, ఆఖరికి ఇంజను. "పది పదకొండు" అని చెయ్యి చాస్తే ఆ పానా చేతిలో పడాలి. పన్నెండు పదమూడు పడితే పానాతోనే చేతి వేళ్ళ మీద ఒక్కటిచ్చేవాడు. ఆ కొట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆ రోజుల్లో అందరూ అంతే అని తమ్ముడంటాడు, నేను ఒప్పుకోను, ఆ పిల్లలు బళ్ళో ఉండాల్సిన వయసు వాళ్ళు. కానీ వాళ్ళని అడిగితే నాన్న మీద ఈగ వాలనివ్వరు. ఒకడు బెజవాడ ఆటోనగర్లో సొంత షాపు పెట్టాడు, ఒకడు దోహా వెళ్ళి అక్కడ గ్యారేజీలో కార్ల పని చేస్తున్నాడు, ఇంకొకడు కొల్లిపర దగ్గర వాళ్ళ ఊళ్ళోనే. ముగ్గురికీ ఆయన గురువుగారే.

ఊళ్ళో ఉద్యోగస్తులు నెల మొదట్లో ఇచ్చేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు మాత్రం పంటకే. లంక ఊళ్ళ వాళ్ళు రాజ్‌దూత్ వెనక అరటిగెల కట్టుకొచ్చి "ముందు ఇది దింపించు, లెక్క తర్వాత చూద్దాం" అనేవాళ్ళు. సంక్రాంతికి వడ్లు, ఆ తర్వాత మినుములు, దుగ్గిరాల యార్డులో పసుపు అమ్ముడుపోతే కొంచెం రొక్కం. మా ఇంట్లో మినుములకి ఎప్పుడూ కరువు లేదు, నేను తిన్నన్ని మినపట్లు, సున్నుండలు ఎవరూ తిని ఉండరు. స్కూలు ఫీజులకి మాత్రం మినుములు పనికిరావు కదా. జూన్ వచ్చిందంటే ఇంట్లో టెన్షన్. ఆ ఖాతా పుస్తకం అమ్మది. నాన్నకి ఎవరు ఎంత ఇవ్వాలో గుర్తుండేది కాదు, బండి నంబరూ దాని రోగమూ గుర్తుండేవి. రాత్రి భోజనాలయ్యాక ఆయన చెబుతుంటే ఆవిడ రాసేది, "ఏమండీ, రింగులకి డబ్బులు వేశారా, లేదా ఊరికే వేసేశారా" అని గుచ్చి గుచ్చి అడుగుతూ.

1990 మే తుఫాను తర్వాత రోజుల్లో ఆయన్ని మేం దాదాపు చూడలేదు. నీళ్ళలో మునిగిన బళ్ళన్నీ షాపు ముందు బారులు తీరాయి. కరెంటు లేదు. పగలు ఎండలో మాగ్నెట్లు ఆరబెట్టడం, కార్బొరేటర్లు ఊదడం, ప్లగ్గు విప్పేసి కిక్కు కొడుతూ లోపలి నీళ్ళు చిమ్మించడం, చీకటి పడితే పెట్రోమాక్స్ లైటు. గేరాయిలు తీస్తే మజ్జిగలా తెల్లగా వచ్చేది, అంటే లోపలికి నీళ్ళు పోయినట్టు. సెలవులే కాబట్టి నేను కూడా వెళ్ళి కూర్చునేదాన్ని. ప్లగ్గులకి ఉప్పుకాగితం పట్టడం, ఏ బండి ప్లగ్గు ఆ బండి దగ్గరే పెట్టడం నా పని. అమ్మకి ఇష్టం లేదు, ఆడపిల్ల చేతులకి ఆ మసేంటని. నాన్న వినిపించుకోలేదు. పాయింట్ల సందు కొలిచే ఫిల్లర్ గేజి ఆ వరదలో ఎటో పోతే పోస్టుకార్డు ముక్క దూర్చి సరిచేసేవాడు. వాటికి డబ్బులు సగం మంది దగ్గర తీసుకోలేదు. ఇళ్ళు కూలినవాళ్ళని ఎలా అడుగుతాం అన్నాడు. మా వంటింటి రేకులు కూడా లేచిపోయాయని అమ్మ గుర్తుచేసింది.

ఆయన చేతులు. ఇంటికి రాగానే దొడ్లో రంపంపొట్టులో కిరసనాయిలు కలిపి రుద్దుకునేవాడు, ఆ తర్వాత సర్ఫు, ఆ తర్వాత లైఫ్‌బాయ్. అయినా గీతల్లో నలుపు పోదు. నా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పక్కన ప్రతిసారీ ఒక నల్లటి బొటనవేలి ముద్ర ఉండేది, టీచరు అడిగేది మీ నాన్న సంతకం పెట్టాడా, వేలిముద్ర వేశాడా అని. నా పెళ్ళికి వారం ముందు నుంచి షాపు కట్టేసి నిమ్మచెక్కలు, చింతపండు పెట్టి తోముకున్నాడు. కన్యాదానం ఫోటోలో చూడండి, పట్టుపంచె, బొట్టు, అన్నీ బాగున్నాయి, చేతి గీతలు మాత్రం సిరాతో గీసినట్టే ఉన్నాయి. మా అత్తగారి తరఫు ఆవిడెవరో "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా" అని పక్కనే కూర్చుని అడిగింది. అంత కనపడుతుంటే ఇంకా అడగడమేంటో.

సినిమాకి తీసుకెళ్ళేవాడు, అదీ ఆదివారం రెండో ఆటకి. టైటిల్స్ పడేలోపే నిద్రపోయేవాడు. ఇంటర్వెల్లో లేచి మాకు సోడాలు, పాప్‌కార్న్ కొనిచ్చి మళ్ళీ నిద్రపోయేవాడు. బయటికొచ్చాక సినిమా బాగుందనేవాడు.

దసరాకి ఆయుధపూజ రోజు మాత్రం పని ముట్టుకునేవాడు కాదు. పానాలన్నీ కడిగి, తుడిచి, సైజుల వారీగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఆ రోజు షాపులో ఉన్న ప్రతి బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాడు, అది ఎవరిదైనా. కుర్రాళ్ళకి కొత్త బట్టలు అప్పుడే. అప్పు చేసి మరీ కొనేవాడు.

తర్వాత హీరో హోండాలొచ్చాయి. మొదటి సీడీ 100 షాపుకొచ్చినప్పుడు నాన్న దాని సైలెన్సర్ దగ్గర వంగి వాసన చూశాడు. పొగ లేదు. ఆయిలు పెట్రోల్లో కలిపే పనే లేదు, ఇంజన్లోనే వేరుగా ఉంటుంది. "ఇది మన అన్నం పెట్టే బండి కాదు" అన్నాడు అమ్మతో ఆ రాత్రి. కానీ వదల్లేదు. ఏదో ప్రమాదంలో నుజ్జయిన బండి ఇంజను ఒకటి కొనుక్కొచ్చి, ఇంట్లో వసారాలో పేపర్లు పరిచి, ఒక్కొక్క సామాను విప్పుతూ దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన నంబరేసుకున్నాడు. టైమింగ్ చైను, వాల్వులు, ట్యాపెట్లు. మళ్ళీ బిగించాడు, మళ్ళీ విప్పాడు. ఆ పేపర్ల మీద మేం తొక్కకుండా నడవడం అలవాటు చేసుకున్నాం. నలభై ఏళ్ళు దాటిన మనిషి మళ్ళీ ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టడం అదేమంత తేలిక కాదు. నేను కంప్యూటర్ నేర్చుకోవాల్సి వచ్చినప్పుడు బ్యాంకులో ఎంత విసుక్కున్నానో నాకు తెలుసు.

ట్యాపెట్ల దాకా చెవి పనిచేసింది. తర్వాత వచ్చిన బళ్ళకి చెవితో పని లేకుండా పోయింది. ఇప్పుడు కొత్త బళ్ళకి వైరు గుచ్చితే స్క్రీన్ మీద రోగం పేరు పడుతుంది. అవి వచ్చేసరికే ఆయన మోకాళ్ళు నొప్పులని గోనెపట్టా మీద కూర్చోలేక షాపు మానేశాడు. ఆ స్థలం ఓనరు వేరేవాళ్ళకిచ్చాడు, ప్రస్తుతం అక్కడ సెల్‌ఫోన్ షాపు ఉంది. వేపచెట్టు కొట్టేశారు.

ఇంట్లో కూర్చున్నాడని పని మానేశాడనుకోకండి. ఆటోనగర్ కుర్రాడు ఏదన్నా పాత బండి రోగం అంతుచిక్కకపోతే ఫోన్ చేసేవాడు. నాన్న ఫోనుని చెవికి నొక్కి పెట్టుకుని, "అక్కడ కాదురా, సైలెన్సర్ సంగతి నాకెందుకు, హెడ్డు దగ్గర పెట్టు... ఆ... ఎక్సిలేటర్ ఇయ్యి... వదులు" అంటూ ఉండేవాడు. టీవీ కట్టెయ్యమని మమ్మల్ని కసిరేవాడు. అమ్మ కుక్కరు కూడా దించాల్సి వచ్చేది. చెప్పింది ఎక్కువసార్లు సరిపోయేదట. సరిపోలేదని వాళ్ళు ఆయనకి ఏనాడూ చెప్పలేదేమో కూడా.

పోయాక పెద్దకర్మ నాడు చాలామంది వచ్చారు. లంక ఊరి నుంచి ఒక పెద్దాయన, కర్ర పట్టుకుని, మనవడి బండి మీద వచ్చాడు. భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, అమ్మ దగ్గర కూర్చుని జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీశాడు.

"అమ్మా, మీ ఆయనకి నేను మూడొందలు బాకీ. బుల్లెట్‌కి బోరు చేయించినప్పటిది. ఆయనెప్పుడూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు."

మేమంతా ఏమనాలో తెలియక చూస్తున్నాం. తమ్ముడు "ఇప్పుడెందుకు తాతయ్యా, ఉంచండి" అనబోయాడు. అమ్మ వాణ్ణి ఆగమని చెయ్యి చూపించి, డబ్బులు తీసుకుని లెక్కపెట్టుకుంది.

"మూడొందల నలభై అన్నయ్యగారూ," అంది. "పిస్టన్ రింగులు వేరే."